మాటల సీటు

ఆ సెప్టెంబరులో నేను చేయవలసిన పనులు ఇవి:

లోయలో ఇరవై మూడు ఇళ్లకు సర్వే ఉత్తరాలు అందాయో లేదో కనుక్కోవాలి. ప్రతి ఇంట్లో పదిహేనేళ్లు దాటిన ప్రతి మనిషికీ ఒక పసుపురంగు పుస్తకం ఇవ్వాలి. మంగళవారం నాడు ఎక్కడికి వెళ్లారో, దేని మీద వెళ్లారో, ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి చేరారో అందులో వాళ్ల చేత్తోనే రాయించాలి. బుధ, గురువారాల్లో ఆ పుస్తకాలు తెచ్చుకోవాలి. అడగమన్నది అడగమన్నట్టే అడగాలి. చెప్పింది చెప్పినట్టే తీసుకోవాలి, సొంత తెలివి వాడకూడదు. కుక్కలున్న ఇళ్లకు ముందే ఫోను చేయాలి. శనివారం అమ్మకు ప్లమ్ జాము కలపడానికి ఇంట్లో ఉండాలి. నాన్నకు రెండో థర్మాసు కొనాలి. మొదటిది సగం దారిలోనే ఖాళీ అయిపోతోందట.

ఆ జాబితా ఇప్పటికీ నా దగ్గర ఉంది. అన్నీ చేశాను. ఒక్కొక్కదాని పక్కన టిక్కు కూడా పెట్టాను.

మా ఊరు లీస్కోవా నుంచి విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషిని నేను. భూగోళం చదివాను. చదువయ్యాక నాలుగు నెలలు ఖాళీగా ఉండి, ఈ సర్వే పని దొరికితే ఊరికి తిరిగి వచ్చాను. పదకొండు దేశాల్లో, ఒకే వారంలో, ఒకే ప్రశ్నలు: జనం పనికి ఎలా వెళ్తున్నారు, ఎంతసేపు వెళ్తున్నారు. ఫిన్లండులో మంచు తవ్వుకుని కారు తీసేవాడూ, పోర్చుగల్లులో పడవెక్కేవాడూ, మా స్లొవాకియా తూర్పు కొసన ఫ్యాక్టరీ వాను ఎక్కేవాడూ ఒకే పట్టికలో పక్కపక్క గళ్లలో కూర్చుంటారు. అది తలుచుకుంటే నాకు గొప్పగా ఉండేది.

శిక్షణ రోజున మా అధికారి ఒండ్రుషోవా గారు ఇంకో మాట చెప్పారు. "ఈ లెక్కల కోసం జిల్లా వాళ్లు కూడా కాచుకుని ఉన్నారు. పనికి వెళ్లడానికి ఒక వైపే తొంభై నిమిషాలు దాటే లోయ ఉంటే, వసంతం నుంచి అక్కడికి నేరుగా బస్సు వేస్తారు. ఉన్నది ఒక్క బస్సు. ఒక్క లోయకే."

ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశాను. మా నాన్న ఇమ్రో నడిపే వానుకి ఒక వైపు నూట ముప్పై నిమిషాలు పడుతుంది.

ఆ వానుకి వేరే డ్రైవరు లేడు. కార్లకు వైర్లు అల్లే ఫ్యాక్టరీలో నాన్న కూడా అందరిలాగే పనివాడు. తెల్లవారుజామున మూడూ ముప్పై ఐదుకి తీసి, రెండు పై పల్లెలూ చుట్టి మనుషుల్ని ఎక్కించుకుని, తొంభై రెండు కిలోమీటర్లు కొండదారిన నడిపి, ఐదూ నలభై ఐదుకి గేటు దగ్గర ఆపుతాడు. ఆరు నుంచి ఆరు దాకా షిఫ్టు. మళ్లీ అదే దారిన వెనక్కి. వెనక ఏడుగురు నిద్రపోతారు.

నిద్రపోకూడనిది ఒక్కరే. డ్రైవరు పక్క సీటును మా దగ్గర మాటల సీటు అంటారు. ఫ్యాక్టరీకి పోయే ప్రతి వానులోనూ అది ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్లు దారి పొడుగునా మాట్లాడాలి, డ్రైవరు కళ్లు మూతపడకుండా చూడాలి. మిగతా వాన్లలో వారానికొకరి వంతు. మా నాన్న వానులో వంతుల్లేవు. తొమ్మిదేళ్లుగా అది హెడ్విగా తేతా సీటు. మా దగ్గర పెద్దావిడను తేతా అని, పెద్దాయనను ఉయో అని పిలుస్తాం.

*

శనివారం పొద్దున మా పెరట్లో రాగి గుండిగ కింద పొయ్యి వెలిగించారు. జాము కలపడమంటే ఉదయం నుంచి సాయంత్రం దాకా తెడ్డు ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది, ఏడాదంతా మాడు వాసన తినాలి. అందుకని వాను జనం సగం మంది మా ఇంటికొచ్చారు. ఒకరి చేతి నుంచి ఒకరు తెడ్డు అందుకుంటున్నారు. హెడ్విగా తేతాకు అరవై దగ్గర పడ్డాయి, మనిషి పీలగా ఉంటుంది, తెడ్డు తన కంటే పొడుగు. అయినా అందరికంటే ఎక్కువసేపు కలిపింది ఆమే. కలిపినంతసేపూ మాట్లాడింది.

"ఏమే స్లావ్కా, నీ పసుపు పుస్తకంలో కలలు రాసే చోటుందా?" అన్నాడు గేజా ఉయో. ఆయనది వానులో చివరి వరస, కిటికీ పక్క. "బండెక్కగానే నేను పడుకుంటా. ప్రయాణం చేసేది నా ఒళ్లు. నేనెక్కడుంటానో నాకే తెలీదు."

"నీ గురక రాయించు," అంది హెడ్విగా తేతా. "అది మాత్రం తొంభై రెండు కిలోమీటర్లూ ఎక్కడా దిగదు."

నాన్న నవ్వాడు. "ఈవిడకి జీతమివ్వాలి నిజానికి."

"నాకెందుకురా ఇమ్రో జీతం? వినేవాడు లేచి పారిపోలేని చోట కూచోబెట్టారు, అదే పదివేలు. మా ఆయన ఉన్నన్నాళ్లూ నేను నోరు తెరవగానే మేకల దగ్గరికి పోయేవాడు. మేకలు కూడా పాపం..."

ఆ మేకల కథ మేమంతా ఎన్నోసార్లు విన్నదే. అయినా విన్నాం. పాదిరి గారి మోటారుసైకిలును మేక ఎలా ఎక్కిందో చెబుతూ ఆమె తెడ్డు పైకెత్తితే, అమ్మ పరుగెత్తి, "కింద పెట్టు తల్లీ, అడుగంటుతుంది," అని మొత్తుకుంది.

మధ్యాహ్నం రొట్టె మీద పంది కొవ్వు రాసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ కూర్చున్నప్పుడు గేజా ఉయో మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"యాభై ఐదే గదా, అమ్మాయ్?"

 ఆ అంకె సంగతి లోయలో అందరికీ తెలుసు. పన్నెండు గంటల షిఫ్టుకి గంటకు మించి దూరమున్న వాళ్లని తీసుకోకూడదని ఫ్యాక్టరీ వాళ్ల నియమం. పని అడగడానికి మొదట వెళ్లినవాడెవడో యాభై ఐదు నిమిషాలని రాసి సంతకం పెట్టాడు. తర్వాత వెళ్లినవాళ్లు అదే రాశారు. అప్పట్నుంచి డాక్టరు అడిగినా, బ్యాంకులో అడిగినా, స్కూల్లో టీచరు "మీ నాన్న ఎంత దూరం వెళ్తాడమ్మా" అని అడిగినా, మా లోయవాళ్ల నోట యాభై ఐదే వస్తుంది. అది నిమిషాల లెక్క కాదు. ఒకరికొకరు ఇచ్చుకున్న మాట.

"ఇది ఫ్యాక్టరీ కాగితం కాదు, గేజా ఉయో," అన్నాను. "ఇందులో పేర్లుండవు. మీరు రాసింది ఫ్యాక్టరీకి చేరదు. నిజం రాస్తే మనకి బస్సొస్తుంది. డ్రైవరున్న బస్సు. నాన్న కూడా వెనక సీట్లో పడుకోవచ్చు."

"కాగితాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి అమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలీదు."

"బస్సట," అంది ఇంకొకామె. "పోయిన ఎన్నికలప్పుడు మాటల్లో రైలొచ్చింది, గుర్తుందా?"

"గుర్తుండకపోవడమేంటి? ఆ రైలెక్కాం గదా మనం," అన్నాడు నాన్న. "ఇంకా దిగలేదు."

అందరూ నవ్వారు. హెడ్విగా తేతా మాత్రం నవ్వలేదు. తెడ్డు అందుకుని గుండిగ వైపు వెళ్లిపోయింది.

*

బుధవారం పుస్తకాలు తీసుకోవడానికి తిరిగాను. నా జాబితాలో మా ఇల్లు లేదు గానీ, వాను జనంలో ఆరుగురి ఇళ్లున్నాయి. మొదటి ఐదు పుస్తకాల్లోనూ యాభై ఐదు. తొంభై రెండు కిలోమీటర్లు, రెండు పల్లెల చుట్టు, యాభై ఐదు నిమిషాలు. వానుకి రెక్కలుండాలి. కానీ చెప్పింది చెప్పినట్టే తీసుకోవాలి. తీసుకున్నాను.

ఆరోది హెడ్విగా తేతాది. పుస్తకంలో గళ్లు చాలక అంచుల్లో కూడా రాసింది.

"మూడూ ముప్పై ఐదు, ఇమ్రో వాను. మూడూ యాభై, గేజా ఇంటి ముందు ఆగాం. చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాడు. నాలుగూ ఇరవై, పై పల్లె. కుక్క మొరిగింది. ఐదూ పది, రంపపు మిల్లు మలుపు, పొగమంచు. ఐదూ నలభై ఐదు, గేటు. మొత్తం నూట ముప్పై."

"తేతా, మిగతావాళ్లంతా..." అని నాలుక కరుచుకున్నాను. ఒకరు రాసింది ఒకరికి చెప్పకూడదు.

"చెప్పక్కర్లేదులే. యాభై ఐదు రాసుంటారు. రాయనీ, వాళ్లు నిద్రపోయారు, వాళ్లకేం తెలుసు? తొమ్మిదేళ్లుగా ఆ దారంతా మేలుకుని చూసింది ఇద్దరమే. ఒకడు నడిపేవాడు, ఒకతి వాగేది. మీ నాన్న ఎటూ చెప్పడు. నేను కూడా అబద్ధం రాస్తే ఇంక సాక్ష్యమెవరే?"

టీ పోసి నా ముందు పెట్టింది. తర్వాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేనెప్పుడూ వినలేదు.

"మీ అమ్మతో అనకు. ఈ మధ్య ఇమ్రో నవ్వాల్సిన చోట నవ్వడం లేదు. నవ్వుతున్నాడు, కానీ ఆలస్యంగా. నేను కథ ముగించి ఇంకోటి మొదలెట్టాక నవ్వు వస్తోంది. ఆ మధ్యలో ఎక్కడికి పోయొస్తున్నాడో నాకు తెలీదు. ఆ ఆలస్యం రాయడానికి నీ పుస్తకంలో గడి ఉందా?"

లేదు. అదే చెప్పాను.

*

వారం తిరక్కుండా ఒండ్రుషోవా గారు ఫోను చేశారు.

"స్లావ్కా, మీ లోయలో ఒక పుస్తకం తేడాగా ఉంది. ఒకే ఊరు, ఒకే వాను, ఒకే గేటు. ఐదుగురు యాభై ఐదంటే ఒకావిడ నూట ముప్పై అంటోంది. యంత్రం ఎర్రగా చూపిస్తోంది. వెళ్లి మళ్లీ అడుగు. పొరపాటైతే ఆవిడ చేత్తోనే దిద్ది సంతకం పెట్టాలి."

"పొరపాటు కాకపోతే?"

"కాకపోతే మిగతా ఐదూ తప్పన్నమాట. అప్పుడు నేనే ఒక మనిషిని పంపుతాను. గడియారం పట్టుకుని ఆ వానులో కూర్చుని గేటు దాకా వెళ్లి వస్తాడు. అంతే గదా, కష్టమేముంది?"

ఆమెకు అందులో కష్టమేమీ కనబడలేదు. గడియారం పట్టుకున్న మనిషి ఫ్యాక్టరీ గేటు దగ్గర మా నాన్న వానులోంచి దిగడం నా కళ్ల ముందు కనబడింది.

ఆ సాయంత్రం నాన్నకు సెలవు. వంటింట్లో కూర్చుని క్యాబేజీ పులుసు తాగుతున్నాడు. చెంచా నోటి దాకా వచ్చి ఆగింది. కళ్లు మూసుకున్నాడు. అమ్మ చూసింది, చెంచా వెనక్కి తీసుకుని గిన్నెలో పెట్టింది. కాసేపటికి ఆయనే కళ్లు తెరిచి, మధ్యలో ఏమీ జరగనట్టు అడిగాడు.

"ఎలా ఉంది నీ పని?"

"ఒక పుస్తకం మళ్లీ సరిచూడాలి."

"ఎవరిది?"

"చెప్పకూడదు నాన్నా."

"అవునవును, చెప్పకూడదు." అమ్మ వైపు తిరిగాడు. "చూశావా సెసీలియా, అమ్మాయి గుట్టు దాస్తోంది. ప్రభుత్వం మనిషి." ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం వెలిగింది. మళ్లీ చెంచా తీసుకున్నాడు. "నాకింకా ఆరేళ్లే తల్లీ. ఆరేళ్లు ఇలా జరిగిపోతే పెన్షను. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా పడుకుంటా, ఎవరూ లేపొద్దు."

ఆయన నన్నేమీ అడగలేదు. ఈ సంగతి నేను పదేపదే రాసుకోవాలి: ఆయన నన్నేమీ అడగలేదు.

మర్నాడు హెడ్విగా తేతా ఇంటికి వెళ్లాను. నేల మీద పాత దుప్పటి పరిచి, చలికాలానికి అక్రోటు కాయలు పగలగొడుతోంది. నేను చెప్పిందంతా విని, ఒక కాయ పగలగొట్టి, పప్పు నా చేతిలో పెట్టింది.

"ఎవరి కోసం అడుగుతున్నావు? నీ కోసమా, మీ నాన్న కోసమా?"

"నాన్న కోసం."

"వాడు అడగమన్నాడా?"

"లేదు."

ఇంకో కాయ పగలగొట్టింది. అది పుచ్చుది. పక్కన పడేసింది.

"సరే, ఇలా తే."

నూట ముప్పై మీద అడ్డంగా ఒక గీత గీసింది. పక్కన యాభై ఐదు వేసి, బయల్దేరిన టైము కూడా దానికి తగ్గట్టు దిద్ది సంతకం పెట్టింది. కళ్లద్దాలు తీసి నా వంక చూసి, నా మొహంలో ఏం కనబడిందో గానీ, నవ్వేసింది.

"ఏడుపు మొహం పెట్టకే. మిగతా డెబ్బై ఐదు నిమిషాలూ నేను కబుర్లు చెప్పుకుంటూ కూచున్నాను గదా. అది ప్రయాణం కాదులే, కాలక్షేపం."

అక్రోటు పప్పు నమిలాను. పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. బయటికొచ్చాక, ఆ రోజు పనుల చీటీలో ఆ ఇంటి పక్కన టిక్కు పెట్టాను.

*

నవంబరు మొదటి రోజున ఊరంతా శ్మశానంలో ఉంది. అందరి చేతుల్లో చామంతులు, దీపాలు. హెడ్విగా తేతా భర్త సమాధి కడిగి, చామంతి కుండీలు రెండు పెట్టి, "ఇదిగో, ఇప్పుడు కూడా మాట్లాడకుండానే ఉన్నాడు చూడు," అంది. చలిగాలి వేసింది. ఆమె తలకు ఏమీ కట్టుకోలేదు.

తర్వాతి సోమవారానికి ఆమె గొంతు పోయింది. పూర్తిగా. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. నేను గొంతు బిళ్లలు తీసుకుని అమ్మతో కలిసి ఆమె ఇంటికి వెళ్లాను. అమ్మ కోప్పడింది: "వారం రోజులు ఇంట్లో ఉండు హెడ్విగా. మాట్లాడలేనిదానివి ఆ సీట్లో కూచుని ఏం చేస్తావు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. గుమ్మం దగ్గర నుంచి గేజా ఉయో, "నేను కూచుంటాలే ఈ వారం," అన్నాడు. హెడ్విగా తేతా రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, గురక పెట్టినట్టు నటించింది. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. సీటు ఆమెదే అయింది.

సోమ, మంగళ, బుధవారాలు గడిచాయి. ఎలా గడిచాయని నేనడగలేదు.

గురువారం సాయంత్రం షిఫ్టు దిగి బయల్దేరిన నలభై నిమిషాలకు, రంపపు మిల్లు మలుపు దగ్గర, పొగమంచులో, వాను దారి వదిలి దుంగల దొంతరకు తగిలింది. తగిలింది ఆమె వైపు. వెనకవాళ్లకు దెబ్బలతో పోయింది, గేజా ఉయోకి చెయ్యి విరిగింది, నాన్నకు భుజం ఎముక. హెడ్విగా తేతా అక్కడికక్కడే పోయింది.

 ఆసుపత్రిలో మూడో రోజు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు నాన్న గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"నువ్వు కొన్న థర్మాసు మూత ఆమె చేతిలో ఉంది. మాట రాదు గదా, పెళ్లి ఉంగరంతో ఆ మూత మీద కొడుతూ ఉండేది. టక్కు, టక్కు, టక్కు. మూడు రోజులూ అంతే. నా వంక చూస్తూ కొట్టేది. బాగానే ఉండేది." కట్టు కట్టిన భుజం సర్దుకున్నాడు. "చిన్నప్పుడు మా అమ్మ కుట్టుపని చేసుకుంటూ కాలితో ఉయ్యాల ఊపేది. చెక్క ఉయ్యాల. అది నేల మీద సరిగ్గా అలాగే చప్పుడయ్యేది."



అంత్యక్రియల నాటికి, భర్త సమాధి మీద ఆమె పెట్టిన చామంతులు ఇంకా వాడలేదు. వాటిని పక్కకు జరిపి అక్కడే తవ్వారు.

పోలీసులు వాను జనాన్ని ఒక్కొక్కరినే అడిగారు. రోజూ ఎంతసేపు ప్రయాణం? ఒక వైపు యాభై ఐదు నిమిషాలు. కట్టు కట్టిన చెయ్యి పొట్టకు ఆనించుకుని గేజా ఉయో యాభై ఐదన్నాడు. మంచం మీద నుంచి నాన్న కూడా యాభై ఐదే అన్నాడు. వాళ్లెవరూ ముందే కూడబలుక్కోలేదు. అలవాటు. ఫ్యాక్టరీలో ఇంకా పని చేయాల్సినవాళ్లు ఏడుగురున్నారు మరి. రోజుకి రెండు గంటలు కూడా నడపని మనిషికి అలసటేమిటని కోర్టు అనుకుంది. తీర్పులో అలసట అన్న మాట ఎక్కడా లేదు. అజాగ్రత్త అని ఉంది. లైసెన్సు తీసేశారు, రెండేళ్ల శిక్ష వేసి నిలిపి ఉంచారు. ఫ్యాక్టరీ వాళ్లు ఉద్యోగం తీసేశారు.

*

డిసెంబరులో నేను జిల్లా పట్నం వెళ్లి ఒండ్రుషోవా గారిని కలిశాను. ఆ పసుపు పుస్తకం బయటికి తీయించాను. గీత కింద నూట ముప్పై స్పష్టంగా కనబడుతోంది.

"ఇదే నిజం మేడమ్. దీన్ని మళ్లీ వేయండి."

"కొట్టేసింది ఆవిడ. సంతకం ఆవిడది. మారిస్తే మళ్లీ ఆవిడే మార్చాలి."

"ఆవిడ లేరు."

"అందుకే," అన్నారామె. ఆమె చెడ్డమనిషి కాదు. లేచి నాకు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చారు.

"నేనే కొట్టేయించాను," అన్నాను. "వెళ్లి అడిగి మరీ కొట్టేయించాను."

ఆమె తలుపు వైపు చూశారు. "పట్టికలు అక్టోబరు ఆఖరున మూసేశాం స్లావ్కా. పదకొండు దేశాలవీ వెళ్లిపోయాయి. నువ్వు ఇప్పుడన్న మాట నేను వినలేదు. నీళ్లు తాగి ఇంటికెళ్లు."

నీళ్లు తాగాను. ఇంటికొచ్చాను.

మార్చిలో పట్టిక వచ్చింది. చక్కగా అచ్చు వేశారు, రంగులతో. దేశాలన్నీ వరుసగా ఉన్నాయి: ఎక్కడివాళ్లు సైకిలెక్కుతారు, ఎక్కడివాళ్లు రైల్లో పుస్తకం చదువుకుంటారు, ఎవరికి ఎన్ని నిమిషాలు. చివర్లో జిల్లాల పట్టిక, దాని కింద లోయలు. మా లోయ సగటు యాభై ఒకటి. ఎక్కువా కాదు, తక్కువా కాదు, మధ్యస్థం. బస్సు కొండకు అవతలి లోయకు ఇచ్చారు. వాళ్లు నూట పన్నెండు అని రాశారు. వాళ్లు రాసింది నిజమే. వాళ్ల మీద నాకు కోపం లేదు.

ఫ్యాక్టరీలో నాన్న చోటు ఖాళీ అయింది గదా. ఏప్రిల్లో అమ్మ అందులో చేరింది. చేరేటప్పుడు యాభై ఐదు నిమిషాలని సంతకం పెట్టింది. వాను ఇప్పుడు పై పల్లెవాడొకడు నడుపుతున్నాడు. మాటల సీటు మళ్లీ వంతుల్లోకి వచ్చింది. ప్రతి ఎనిమిదో వారం అమ్మ వంతు. అమ్మ రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి కాదు. తన వంతు వారం దగ్గరపడుతుంటే ఆమెకు భయం. ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి, "ఏమైనా కబుర్లున్నాయా," అని అడిగి తెచ్చుకుంటుంది.

మొదటి వంతు ముందు రోజు సాయంత్రం ఆమె వంటింట్లో నిలబడి, "నూట ముప్పై నిమిషాలు నేనేం చెప్పను స్లావ్కా?" అంది. 

కిటికీ దగ్గర కూర్చున్న నాన్న, ఆసుపత్రి నుంచి వచ్చాక ఉప్పు అందించమని తప్ప ఏమీ అడగని నాన్న, అటు తిరగకుండానే అన్నాడు.

"పాదిరి గారికి ఒక మోటారుసైకిలుండేది. హెడ్విగా వాళ్లాయన మేక ఒకటి దాని మీదెక్కింది. అక్కడ మొదలెట్టు."

అమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆయన మొత్తం చెప్పాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తెడ్డు ఎత్తినట్టు చెయ్యెత్తాలో కూడా చెప్పాడు. నవ్వాల్సిన చోటు వచ్చినప్పుడు ఎవరం నవ్వలేదు. "ఇక్కడ వాడు నవ్వాలి," అన్నాడు నాన్న. "వెంటనే నవ్వాడో లేదో చూసుకో. ఆలస్యమైతే బండి ఆపమను."

ఇప్పుడు అమ్మ వంతు వచ్చినప్పుడల్లా రోజుకో కథ చెబుతున్నాడు. తొమ్మిదేళ్ల కథలు. ఇంకా అయిపోలేదు.

ఎక్కడివాళ్లు పనికి ఎంతసేపు వెళ్తారో చెప్పే పట్టిక ఎప్పుడైనా మీ కంటబడితే, మధ్యస్థంగా ఉన్న ఏదో ఒక అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ అంకెలో, మాటల సీట్లో కూర్చున్న ఒక మనిషి ఉంది. ఆమె పేరు హెడ్విగా ష్వెట్సోవా, ఊరు లీస్కోవా. అడిగినప్పుడు ఆమె మొదట నిజమే రాసింది. దయచేసి ఆమెను నూట ముప్పై అనే గుర్తుపెట్టుకోండి.